పంపని మెసేజ్

"ఇది కొట్టుకుంటలేదేంది?" అంది సుకన్య.

మధుసూదన్ చేతిలో టీ గ్లాసు ఆగింది. మూడు రోజులుగా ఏ ప్రశ్నకు భయపడుతున్నాడో అదే వచ్చింది. సుకన్య అల్వాల్‌లోని అక్క ఇంటి నుంచి ఇప్పుడే వచ్చింది. మంచినీళ్లయినా తాగకుండా నేరుగా కొడుకు గదిలోకి వెళ్లింది.

"ఏది?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"గీత. అక్షరాల పక్కన కొట్టుకునేది."

ఆశీష్ పోయి నెల దాటింది. అయినా ఆ గదిలో కంప్యూటర్‌ను ఎవరూ ఆపలేదు. ఆపే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికి ఉంది కనుక? తెర మీద చాట్‌లో తండ్రికి రాస్తూ సగంలో వదిలేసిన మెసేజ్ ఉంది. ఇంట్లో అందరూ ఫోన్లో రాసుకునేట్టే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"నాన్నా, నువ్వు కోపంల అన్నవని నాకు తెల్సు. నా మనసుల ఏం లేదు. సాయంత్రం వచ్చినంక..."

అంతే. ఆ పక్కన చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా మధుసూదన్‌కు వాడు ఇంకా ఆలోచిస్తున్నాడనీ, మిగతాది ఏ క్షణంలోనైనా రాస్తాడనీ అనిపించేది. అందుకే ఆ గదిలో అడుగుల చప్పుడు కూడా కానిచ్చేవాడు కాదు. కుర్చీని కూడా జరపనిచ్చేవాడు కాదు.

బ్యాంకు కోచింగ్ మానేసి వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానన్న కొడుకు మీద ఆ రోజు పొద్దున అరిచాడు. "పోతే పో, మళ్ల ఈ ఇంటికి రాకు" అన్నాడు. మధ్యాహ్నానికి యాప్రాల్ రోడ్డు మీద లారీ. ఫోను నుజ్జునుజ్జయింది. నాలుగు రోజులు మధుసూదన్ ముద్ద ముట్టలేదు. చావు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఐదో రోజు సుకన్య అతన్ని చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్లి మెసేజ్ చూపించింది. ఆ పూట పెరుగన్నం తిన్నాడు.

ఇప్పుడు గీత కొట్టుకోవడం లేదు. తెర మూలన గడియారం రెండూ పన్నెండు దగ్గరే నిలిచిపోయింది. బయట దీపాలు పెట్టే వేళయింది.

ఇక దాచలేకపోయాడు. సుకన్య అల్వాల్‌లో ఉండగా గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. కరెంటు పోయి యూపీఎస్ కూత మొదలుపెట్టింది. మారేడ్‌పల్లిలో కంప్యూటర్లు బాగుచేసే కిషన్‌కు ఫోన్ చేస్తే, కంప్యూటర్ ఆగిందంటే ఆ చాట్ మళ్లీ తెరుచుకోదనీ, తెరవాలంటే ఆ ఫోనే కావాలనీ చెప్పాడు. పోనీ పంపేసుకొమ్మన్నాడు. వాడు పంపనిదాన్ని తనకు తానే పంపుకోవడానికి మధుసూదన్‌కు చెయ్యి రాలేదు. చివరికి కిషన్ చెప్పిన రెండు మీటలు ఒక్కసారే నొక్కాడు. తెర ఒకసారి మసకబారి వెలిగింది. రెండు నిమిషాలకు అంతా ఆరిపోయింది. మర్నాడు కిషన్ వచ్చి ఆ స్క్రీన్‌షాట్‌నే తెర నిండా పెట్టి వెళ్లాడు.

"అది మెసేజ్ కాదు సుకన్యా. దాని ఫొటో," అన్నాడు. "వాన్ని ఎట్లాగూ కాపాడుకోలేదు. వాడి ఆఖరి మాట సుత పోగొట్టిన. నీకు ఏ మొఖంతోటి చెప్పాలె?"

సుకన్య తెర దగ్గరికి వంగింది.

"అక్షరాలన్నీ ఉన్నయా అండ్ల?"

"ఉన్నయి."

"మరి పరేషాన్ ఎందుకయితవ్? దినాం చదువుకో. నీ మీద వానికి కోపం లేదు. అది మర్వకు."

మధుసూదన్ ఆమె భుజం మీద తల పెట్టి, నెల తర్వాత మొదటిసారి, బయటికి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డాడు. ముఖం కడుక్కుని, అన్నం పెట్టమని తనే అడిగాడు.

అతను పెరట్లోకి వెళ్లాక సుకన్య కొడుకు కుర్చీలో కూర్చుంది. కీబోర్డు మీది దుమ్మును కొంగుతో మెల్లగా తుడిచింది.

ఐదో రోజు తెల్లవారకముందు ఆ మాటలు టైపు చేసింది ఆమే.