కౌలు మాస్టారు

ఉష మైకు అందుకోగానే షామియానా సద్దుమణిగింది.

నకరికల్లు పక్క ఊళ్ళో హైస్కూలు. పదమూడేళ్ళ తర్వాత పదో తరగతి వాళ్ళంతా కలిశారు. ‘మరపురాని మాస్టార్లు’ అని ఐదు పేజీలు రాసుకుని హైదరాబాదు నుంచి వచ్చింది ఉష.

లెక్కల ప్రభావతి టీచరు గురించి చదివితే ముందు వరుస కళ్ళు తుడుచుకుంది. డ్రిల్లు మాస్టారి గురించి చదివితే ఈలలు.

ఆఖరి పేజీ సోషల్ మాస్టారు గులాం మొహిద్దీన్‌ది. నవ్వించడానికని దాచుకుంది.

కమిటీ ఆయన్ని పిలవలేదు. రిటైరై ఎటు వెళ్ళాడో ఎవరూ అడగలేదు.

“ఆయనకి మేం పెట్టుకున్న పేరు కౌలు మాస్టారు,” అని మొదలుపెట్టింది ఉష. “మేం పొద్దున ఆరింటికి స్టడీ అవర్లో జోగుతుంటే, ఆయన కౌలుకి పట్టిన మిరప చేలో ఉండేవారు. బెల్లు కొట్టాక చొక్కా దులుపుకుంటూ వచ్చేవారు. కాయ కోసిన చేతులు మండి, చాక్‌పీసు మాకిచ్చి బోర్డు మీద రాయించేవారు. ఒక చేత్తో సర్కారు జీతం, ఇంకో చేత్తో మిర్చి డబ్బు. పాఠం చెప్పడానికి మూడో చెయ్యి లేదు పాపం.”

షామియానా ఘొల్లుమంది.

వెనక వరుసలో ఉష తల్లి తిరుపతమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన తెల్లగడ్డం ముసలాయన ఒకాయన. అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తిరుపతమ్మతో ఏదో చెప్పి లేచాడు. భోజనాలకి ఆగకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

సెల్ఫీలన్నీ అయ్యాక ఉష తల్లి దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఎట్లా చదివానని అడిగింది.

తిరుపతమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీ మడిచింది.

“నీ పక్కన కూర్చున్న తాత ఎవరే? ఒకటే నవ్వాడు.”

“మొహిద్దీన్ మాస్టారు.”

గడ్డంలో పోల్చుకోలేకపోయానంది ఉష. ఎవరు పిలిచారని అడిగింది.

“నేనే కబురు పెట్టా. మాస్టార్ల మీద రాశానంటివి గదా, ఆయన్ని మంచిగా రాసుంటావనుకున్నా. తెల్లారే మాచర్లలో బస్సెక్కి వచ్చాడు.”

ఉష గేటు దగ్గరికి ఉరికింది. రోడ్డు మీద ఎవరూ లేరు. మాచర్ల బస్సు ఇప్పుడే పోయిందని సోడా బండి ఆమె చెప్పింది.

తల వంచుకుని వెనక్కి వచ్చింది.

“పోతా పోతా ఏమన్నాడమ్మా?”

“మైకు ముందు పిల్ల గొంతు వణకలేదు, చాలమ్మా అన్నాడు.”

ఉష చేతిలో కాగితాలు మడతపెట్టింది. ఫోన్ చేసి క్షమాపణ అడుగుతానంది. వేళాకోళంగా రాయడం తప్పేనంది. కానీ లేనిది రాయలేదు కదా అని మెల్లగా నసిగింది.

“ఆయన చేలోంచి రావటం అందరం చూశాం గదమ్మా.”

“చూశారు. ఎవరి చేనో చూశారా?”

ఉష తలెత్తింది.

తిరుపతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆ ఏడు మీ నాయన పోయాడు. మిరపకాయ చెట్టు మీదే ఎండి రాలిపోతంది. కూలోళ్ళు దొరకలా. నిన్ను బడి మానిపించి చేలోకి తీసుకపోదామని, ఆయనకి చెప్పటానికి పోయా.”

“వద్దన్నాడా?”

“పరీక్షలు రెండు నెలలుండాయి, పిల్లని కదిలించొద్దన్నాడు. నీకు తెలిస్తే చిన్నబోతావని నా దగ్గర మాట తీసుకున్నాడు. ‘మేస్త్రీ ఒక కూలీని పంపాడు, నువ్వు బడికే పో’ అని ఇంటికొచ్చి నీతో చెప్పా.”

తిరుపతమ్మ ఖాళీ రోడ్డు వైపు చూసింది.

“ఆ కూలీ ఆయనే.”