మినహాయింపు

"ఈ లైను ఎవరు రాశారు?" అని అడిగాడు మేనేజరు.

మీటింగు గదిలో గోడకున్న తెర మీద, కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం ఒకటి కనిపిస్తోంది. ఆ బీమా కంపెనీలో పాలసీదారుల ఫోన్లకు పొద్దున్నే వాయిదాలు గుర్తుచేస్తూ, శుభాకాంక్షలు చెబుతూ మెసేజ్‌లు పంపేది అదే. కొత్తగా కొన్న తనిఖీ టూల్ పాత ప్రోగ్రాములన్నిటినీ జల్లెడ పట్టి, ఇందులో ఒక్క చోట ఎర్రగీత గీసింది. ఫలానా పాలసీ నంబరైతే ఏ మెసేజూ పంపకుండా దాటిపొమ్మని అక్కడ రాసి ఉంది. దాని పైన, నక్షత్రం గుర్తు పక్కన, దీన్ని తీయవద్దని ఒక కామెంటు.

"నేనే సార్," అన్నాడు చివరి కుర్చీలోంచి బాబాయి.

ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. ఆ పాత భాష వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే రిటైరైపోగా మిగిలినవాడు. వయసులో మేనేజరు కంటే చాలా పెద్ద.

మేనేజరు గొంతు పెంచలేదు. ఒక్క మనిషి కోసం ప్రోగ్రాంలో నంబరు రాసెయ్యకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠమని, అది మీకు నేను చెప్పాల్సి రావడమే బాధగా ఉందని అన్నాడు. ఎంత చిన్న మార్పైనా ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి కదా, ఇది ఎవరు చూశారని అడిగాడు.

"ఎవరూ చూడలేదు. అప్పుడు మీరు సెలవులో ఉన్నారు సార్."

"నేను లేకపోతే ఇష్టారాజ్యమా?"

బాబాయి తల దించుకున్నాడు. మీతో విడిగా ఒక్క మాట చెప్పుకోవాలన్నాడు. దాచుకోవాల్సిందేముంది, అందరి ముందే చెప్పండన్నాడు మేనేజరు. బాబాయి ఆ గదిలోని ముఖాలన్నీ ఒకసారి చూశాడు. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, ఆ లైను మాత్రం ఉండనివ్వండని బతిమాలాడు. దాంతో ఉన్న అనుమానం కాస్తా ముదిరింది. ఎవరో చుట్టాల కోసం చేసి ఉంటాడని అక్కడ కూర్చున్నవాళ్లు చూపులతోనే అనుకున్నారు.

బాబాయి పక్క సీటులో పనిచేసే టెస్టింగు అమ్మాయి ఉండబట్టలేకపోయింది. పరీక్షకు వాడే డేటాలో పేర్లన్నీ చెరిపేసి ఉంటాయి కాబట్టి ఆ పాలసీ ఎవరిదో ఇక్కడ తెలియదని, రికార్డుల విభాగాన్ని అడిగితే సాయంత్రానికల్లా చెబుతారని అంది.

"అక్కర్లేదు. ఎవరిదైతే ఏంటి? నాకు అందరూ ఒక్కటే," అన్నాడు మేనేజరు.

మధ్యాహ్నానికల్లా బాబాయి లాగిన్ మూసేశారు. విచారణ తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఆయన మేనేజరు గది దాకా వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. ఫోనులో ఉన్న మేనేజరు, ఏదైనా ఉంటే విచారణలో చెప్పుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

కళ్లజోడు పెట్టె, నీళ్ల సీసా సంచిలో వేసుకుని బయల్దేరిన ఆయన్ని ఆ అమ్మాయి లిఫ్టు దగ్గర ఆపింది. ఎవరిదో నాకైనా చెప్పండి బాబాయ్, నేను వెళ్లి మాట్లాడతానంది.

"రేపు ఆ లైను నీ చేతే తీయిస్తారు. ఎవరిదో చెబితే నీకు చేతులు రావమ్మా. తీయకపోతే నీ ఉద్యోగం ఉండదు," అన్నాడాయన. ఆమె తల మీద చెయ్యి వేసి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ లైను ఆమే తీసింది. టెస్టు మెషీను మీద ప్రోగ్రాం నడిపి చూస్తే ఎక్కడా తప్పు రాలేదు. టూల్ ఎర్రగీత చెరిపేసింది. మేనేజరు చూసి ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచే కొత్త ప్రోగ్రాం పని మొదలెట్టింది.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం, మేనేజరు అదే గదిలో పై అధికారులకు ఆ ప్రోగ్రాములన్నీ వరసగా చూపించాడు. ఎక్కడా ఒక్క ఎర్రగీత లేదు. వాళ్లు మెచ్చుకుంటూ ఉండగానే బల్ల మీద అతని ఫోను మోగింది. ఇంటి నుంచి అని చెప్పి, నవ్వు ముఖంతోనే తీశాడు.

"ఏమండీ, బాబుకి పుట్టినరోజు శుభాకాంక్షలంటూ మీ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది," అంది అతని భార్య. ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. "వాడు పోయాడని మీ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదా అండీ?"