ఎందుకుగారు

"ఆ ప్రశ్న ఎందుకడిగారమ్మా?"

కౌన్సిలర్ చేతిలో కలం ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళలో ఆమె ముందు ఏడ్చినవాళ్ళున్నారు, అరిచినవాళ్ళున్నారు, సగంలో లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఎదురు ప్రశ్న వేసిన మనిషి ఈయనే.

కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్. అరవై దాటి ఉంటాయి. గోళ్ళ సందుల్లో నూనె మరక. ఇల్లు దాటాలంటే భయమనీ, నలుగురిలోకి వెళ్తే ఊపిరాడదనీ చెప్పి కౌన్సిలింగ్‌కి చేరాడు.

"భయం ఒంట్లో ముందు ఎక్కడ మొదలవుతుంది?" అన్నదే ఆమె అడిగిన ప్రశ్న. అందరినీ అడిగేదే.

"మీరు జవాబు చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను," అంది.

"అలా కాదమ్మా. ఎవరైనా మిషన్ తెస్తే నేను బాగుచేసి ఊరుకోను. విప్పి చూపిస్తాను. ఇదిగో, ఇక్కడ దారప్పీచు చేరింది, అందుకే పట్టేసింది అని. ఈసారి వాళ్ళే తీసేసుకుంటారు."

"మరి మీ వ్యాపారం?"

"ఎప్పుడో మునిగింది," అన్నాడాయన హాయిగా.

ఆమెకు నవ్వొచ్చింది. చెప్పింది.

"భయం ముందు గుండెలోనో, అరచేతుల్లోనో తెలుస్తుంది. ఆ జాడ పట్టుకుంటే, 'ఓహో, వస్తోంది' అనుకోవచ్చు. దొంగ వస్తున్నాడని ముందే తెలిస్తే సగం ధైర్యం కదా!"

ఆయన జేబులోంచి అట్టముక్క తీసి రాసుకున్నాడు.

ఆ రోజు నుంచీ అదే వరస. ఊపిరి నెమ్మదిగా వదలమంటే ఎందుకు? ముందు గడప దాకా వెళ్తే చాలంటే ఎందుకు? భయం వేసినా వెంటనే వెనక్కి రావద్దంటే ఎందుకు?

రిసెప్షన్‌లో అమ్మాయి ఆయనకు పేరు కూడా పెట్టేసింది. "మేడమ్, ఎందుకుగారు వచ్చారు."

మొదట్లో కౌన్సిలర్‌కి చిరాకేసేది. ఇంటికెళ్ళి భర్తతో అంది, "వైద్యానికొచ్చాడో, నాకు పరీక్ష పెట్టడానికొచ్చాడో తెలీట్లేదు."

"జవాబు తెలిస్తే చెప్పెయ్. తెలీనప్పుడే కదా చిరాకు," అన్నాడతను.

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. నిజమే. కొన్ని ప్రశ్నలు ఆమె ఎందుకడుగుతోందో ఆమెకే గుర్తులేదు. అటక మీది పాత పుస్తకాలు కిందికి దిగాయి.

"రోజూ డైరీ రాయమన్నారు. ఎందుకమ్మా?" అన్నాడాయన ఒకరోజు.

ఆమె కలం పక్కన పెట్టింది.

"నిజం చెప్పనా? అందరికీ చెప్తాను కాబట్టి మీకూ చెప్పేశాను."

"అయితే మానేద్దామా?"

"మానేద్దాం."

ఇద్దరూ పకపకా నవ్వారు.

మెల్లగా ఆమె మిగతావాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టింది. "ఇది ఎందుకడుగుతున్నానంటే..." అనగానే, చేతులు కట్టుకుని బిగుసుకు కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు వంగేవారు. "అది కాదు మేడమ్, అసలు సంగతి ఇదీ," అని సరిదిద్దేవారు. మూడు వారాలుగా మౌనవ్రతం పట్టిన కాలేజీ అమ్మాయి ఆపకుండా గంట మాట్లాడింది.

ఏడో నెలలో ఆమె తన అనుమానాన్నీ దాచుకోలేదు.

"ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. మీకు భయం ఉన్నట్టు నాకు అనిపించట్లేదు. కిక్కిరిసిన బస్సులో వస్తారు. బయట కూర్చున్న అందరితో కబుర్లాడతారు. ఊరికే తోడు కోసం వస్తున్నారేమో అనిపిస్తోంది. ఈ గంట కోసం వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

ఆయన జేబులోంచి అట్టముక్క తీశాడు.

"మీరన్నదీ నిజమేనమ్మా. ఒక్కటి చెప్పండి, ఇక రాను. వీధి చివరిదాకా వెళ్ళొచ్చిన మనిషి, ఒకరోజు మళ్ళీ గడప దగ్గరే ఆగిపోతే?"

"మొదటికొచ్చినట్టు కాదు. నడిచేవాళ్ళు ఒకరోజు అలిసిపోరూ? మర్నాడు నాలుగడుగులేసినా చాలు. ఎందుకంటే, ఆగినచోటే ఉండిపోతే భయం ముదురుతుంది, కాస్త కదిలితే మెత్తబడుతుంది."

ఆయన అది కూడా రాసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

భారం దిగిందనుకుంది ఆమె. తర్వాతి వారం అదే గంటకి మాత్రం ఏదో వెలితిగా తోచింది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నుదుటి నిండా చెమట. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చేతిలో సంచి.

"కూర్చోండమ్మా. అపాయింట్‌మెంట్ ఉందా?" అంది కౌన్సిలర్.

"లేదమ్మా. నా బస్సుకి ఇంకా గంటుంది. మిమ్మల్ని ఒక్కసారి చూసి పోదామని వచ్చాను. కుట్టు మిషన్ల ఆయన మా ఆయనే."

కౌన్సిలర్ గబుక్కున లేచింది. "ఎలా ఉన్నారు? బయటున్నారా? లోపలికి రమ్మనండి!"

"లేరమ్మా. మా చెల్లెలి ఊళ్ళో కొట్టు పెట్టారు. వెళ్ళి పది రోజులైంది. నేనొక్కదాన్నే బస్సెక్కి వస్తానని నేనే ముందు పంపించాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు మెరిశాయి. కూర్చుని, నెమ్మదిగా ఊపిరి వదిలింది.

"పదకొండేళ్ళు గడప దాటలేదమ్మా నేను. నా సంగతి ఎవరి దగ్గరా ఎత్తనని ఆయనచేత ఒట్టేయించుకున్నాను. పైగా కారణం చెప్పందే ఏ మాటా వినే రకం కాదు నేను."

కౌన్సిలర్ కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"అందుకే నా భయాన్ని తనదని చెప్పుకుని, వారం వారం మీ దగ్గర నేర్చుకొచ్చి, ఇంట్లో నాకు వైద్యం చేసింది ఆయనే."