బండి కదిలేలోగా

"మీరేటోళ్ళమ్మా?"

అడుగుతూనే ముసలమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసేసుకుంది. దాలమ్మ చేతిలోని నీళ్ళ గ్లాసు రైలు కిటికీ ఊచల దగ్గరే ఆగిపోయింది.

దాలమ్మ వెనక్కి తిరిగి, ప్లాట్‌ఫారం మీద నీళ్ళ బకెట్ల దగ్గర నిలబడ్డ పద్మకుమారి చేతిలో గ్లాసు పెట్టేసింది.

"అక్కా, ఆ మామ్మ కులం అడుగుతంది. మరి నాను ఆ కిటికీ కాడికి ఎల్లను."

గొంతు పెంచలేదు. కానీ మెడలో స్కార్ఫు విప్పడం మొదలుపెట్టింది.

పద్మకుమారికి పందొమ్మిదేళ్ళు. టాటానగర్ రైల్వే కాలనీ స్కౌట్స్ అండ్ గైడ్స్ రేంజరు దళానికి నాయకురాలు. ఏటా మే నెలలో జనరల్ పెట్టెల్లో ప్రయాణం చేసేవాళ్ళకి మంచినీళ్ళు అందించడం ఆ ఆడపిల్లలు చేసే సేవ. రోజూ వెంట ఉండే పెద్దావిడకి వడదెబ్బ తగలడంతో ఆ పూట భారమంతా పద్మకుమారి మీదే పడింది. దాలమ్మని దళంలోకి తెచ్చింది కూడా ఆమే. బర్మామైన్స్ తెలుగు బస్తీలో వాళ్ళింటికి వెళ్ళి, మాలో నిన్నెవరూ ఏ కులమని అడగరు, నాది పూచీ అని చెప్పి మరీ తెచ్చింది.

"ఉండవే, నేను చూత్తాను," అంది.

కిటికీ వైపు చూసింది. ముసలమ్మ ఊచలకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. పెదవులు ఎండి తెల్లగా పొక్కులు లేచాయి. మిగతా కిటికీల్లోంచి సీసాలూ, డబ్బాలూ, చెంబులూ బయటికొస్తున్నాయి. ఈమె దగ్గర ఒక బట్టల మూట తప్ప ఏమీ లేదు. తలుపు దాకా వద్దామన్నా పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. పక్కనున్నాయన్ని అడిగితే, పొద్దున్నుంచీ ఈమె చుక్క నీరు ముట్టలేదనీ, కొడుకు దగ్గరికి చక్రధర్‌పూర్ పోతోందనీ చెప్పాడు. అంటే ఇంకా రెండు గంటలు, ఈ వడగాడ్పులో.

బండి ముందు బొగ్గు ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది. అది నిండితే బండి కదిలిపోతుంది.

ముసలమ్మని నాలుగు మాటలు అని సిగ్గు తెప్పించాలని పద్మకుమారికి నాలుక దాకా వచ్చింది. సిగ్గుపడి తాగకుండా పోతే? ఆమె ప్రాణం మీదికి వస్తుంది. పోనీ ఆమెకి కావలసిన మాటే చెబితే? ఒక్క అబద్ధం. పొద్దున జెండా దగ్గర నిలబెట్టి, గైడు అబద్ధం ఆడదని పిల్లలందరి చేతా పలికించింది తనే.

గ్లాసు కడిగి మళ్ళీ నింపి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"మేవందరం పెద్ద కులాలోళ్ళమే మామ్మా. ఏ బెంగా అక్కర్లేదు, తాగు."

ముసలమ్మ కళ్ళు తెరిచింది. నీళ్ళకేసి చూసింది. గొంతులో గుటక పడడం పద్మకుమారికి కనిపించింది. అయినా ఆమె కిటికీ నుంచి ఇంకాస్త లోపలికి జరిగి, రెండు చేతులూ జోడించింది.

"ఒద్దు తల్లీ. నాకు దాహం నేదు."

పద్మకుమారి తన అబద్ధం ముఖంలో తెలిసిపోయిందనుకుంది. ఒట్టేసింది. బతిమాలింది. ఎంత చెప్పినా ముసలమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. పక్కనున్నాయన నవ్వి, ముసలిదానికి నఖరాలు ఎక్కువని హిందీలో అన్నాడు. వెనక నుంచి ఇంకెవరో, ఇష్టం లేనివాళ్ళని వదిలేసి మాకివ్వండని కేకేశారు.

గార్డు ఈల వేశాడు.

ఆ ఈలకి పద్మకుమారి తల తిప్పేసరికి పక్కనే దాలమ్మ ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టే ఉంది. పద్మకుమారి చేతిలోంచి గ్లాసు తీసుకుంది. పద్మకుమారి వద్దని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

"అక్క నీకు అబద్ధం సెప్పింది మామ్మా," అంది కిటికీలోకి చూస్తూ. "నాను పెద్దోళ్ళ పిల్లని కాను. మాయయ్య మురుగు కాలవలు తీత్తాడు. ఊళ్ళో మమ్మల్నెవరూ ముట్టుకోరు. అడిగినావు కదా, సెప్పీసినాను. తాగితే తాగు, మానితే మాను."

పెట్టె పెట్టెనీ లాగుతూ బండి ఒక్క కుదుపు కుదిపింది. నీళ్ళు తొణికి దాలమ్మ చొక్కా చెయ్యి తడిసింది. ఆమె గ్లాసు వెనక్కి తియ్యలేదు. బండితోపాటే నడుస్తోంది. ఆ పిల్ల వెనకే పద్మకుమారి. ముసలమ్మ గ్లాసుని తోసేస్తుందో, ముఖం తిప్పుకుని ఏ మాటంటుందో, ఆ మాటతో ఈ పిల్ల మళ్ళీ దళం ముఖం చూస్తుందో లేదో అని ఆమె భయం.

ఊచల మధ్య నుంచి ముసలమ్మ చెయ్యి వచ్చింది. దాలమ్మ వేళ్ళతో సహా గ్లాసుని గట్టిగా పట్టుకుని, ఊచలకి నోరు ఆనించి, ఊపిరైనా తీసుకోకుండా చివరి చుక్క దాకా తాగేసింది. బండి వేగం అందుకుంది. దాలమ్మ పరుగు మొదలుపెట్టింది. ముసలమ్మ మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు ఆ పిల్ల చేతిలో పెడుతూ కసిరింది.

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదే, పెద్దోళ్ళ గలాసు నాను ముట్టుకుంటే మైలపడిపోదేటి?"