వెండి రేణువుల మేడం

రెజ్యూమెలో ఆ ఒక్క లైనూ కలపకుండా ఉంటే హర్షవర్ధన్‌కి ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

కార్ల కంపెనీలో లేఆఫ్ అయినప్పుడు కన్సల్టెన్సీవాళ్ళు "కొంచెం టచప్ చేస్తాం సార్" అన్నారు. చేశారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కింద 'నానో సోలార్ టెక్నాలజీ, మూడేళ్ళ అనుభవం' అని ఒక లైను వచ్చి కూర్చుంది. అందరూ కలిపేదే కదా, ఉద్యోగం వచ్చాక నేర్చేసుకోవచ్చులే అనుకున్నాడు. వాళ్ళుండే నోవై ఊళ్ళోనే, సోలార్ సెల్స్ తయారుచేసే ఒక చిన్న కంపెనీ తీసుకుంది. పని మామూలు టెస్టింగే. ఆర్నెల్ల పాటు ఎవరూ ఏమీ అడగలేదు.

ఏడో నెలలో బాస్ గ్రెగ్ పిలిచాడు.

"ఇంకో మూడు వారాల్లో ఇన్వెస్టర్లు వస్తున్నారు. సెల్ మీద వెండి రేణువులు ఎందుకు వేస్తామో వాళ్ళకి నువ్వే వివరించాలి. మూడేళ్ళ అనుభవం ఉన్నవాడివి కదా!"

హర్షవర్ధన్ పళ్ళికిలించాడు. నోరు విప్పితే బండారం బయటపడుతుంది. ఉద్యోగం పోతే హెచ్ వన్ వీసా మీద ఇంకోటి వెతుక్కోవడానికి అరవై రోజులే గడువు. ఆ తర్వాత పెట్టెలు సర్దుకోవడమే.

ఇంటికెళ్ళి భార్య రష్మి దగ్గర ఏడ్చినంత పని చేశాడు. ఆమె పోపు వేస్తూ, వెనక్కి తిరక్కుండానే ఒక పేరు చెప్పింది.

"ఈ సబ్జెక్ట్ మీద చేసిన ప్రాజెక్టుకే కదా, పోయినేడు స్టేట్ లెవెల్లో ప్రైజొచ్చింది! వెళ్ళి అడుగు. నామోషీ పడకు."

అడిగాడు. మేడం ఒప్పుకున్నారు కాని, చాంతాడంత షరతులు పెట్టారు. క్లాసులో మేడం అనే పిలవాలి. ఫోన్ బ్యాగులోంచి బయటికి రాకూడదు. బుధ, శుక్రవారాలు కుదరదు, వేరే క్లాసులున్నాయి. డబ్బు అక్కర్లేదు, రోజుకో మ్యాంగో బబుల్ టీ చాలు. మేడం కారు నడపరు కాబట్టి, మంచు పడినా మానినా లైబ్రరీకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పూచీ శిష్యుడిదే.

లైబ్రరీలో చిన్న స్టడీ రూమ్. సాయంత్రం ఐదు గంటలు.

"సిల్వరే ఎందుకు?" మేడం మొదటి ప్రశ్న.

"మెరుస్తుంది కదా మేడం."

"నో. మెరిస్తే లైట్ బయటికి పోతుంది. మనకి లోపల కావాలి. థింక్!"

మేడం ఇక్కడే పుట్టి పెరిగారు. ఆవిడ తెలుగులో 'మీరు' అనే మాటే లేదు. నలభై రెండేళ్ళ మనిషిని పట్టుకుని నువ్వు, నువ్వు అంటుంటే హర్షవర్ధన్ చేతులు కట్టుకుని వినేవాడు. అవసరం అలాంటిది.

అతని ఫోన్‌లో 'మేడం క్లాస్, ఐదు గంటలకి' అన్న రిమైండర్ ఆఫీసులో పక్క సీటు రఘువీర్ కంట పడింది.

"ఏంది అన్నా, ఈ మేడం కథ? వదినకు ఎరుకేనా?"

"మీ వదినే కుదిర్చింది. ఆవిడంటే నాకంటే తనకే ఎక్కువ ప్రాణం."

రఘువీర్ నోరెళ్ళబెట్టాడు.

రెండో వారంలో హర్షవర్ధన్ పాఠం గడగడా అప్పజెప్పాడు. మేడం స్ట్రా కొరుకుతూ విన్నారు.

"బట్టీ కొట్టావ్. నీకు అర్థం అవ్వలేదు. లే."

గుమ్మం దగ్గర నిలబెట్టి, ఎదుటి గోడ దాకా నడవమన్నారు. నాలుగడుగుల్లో చేరిపోయాడు.

"ఈ రూమ్ సోలార్ సెల్. నువ్వు లైట్. ఎంత ఫాస్ట్‌గా దాటేశావో చూశావా? సెల్ మరీ పల్చగా ఉంటే ఇంతే. పట్టుకునేలోపే లైట్ వెళ్ళిపోతుంది."

తర్వాత కుర్చీలన్నీ లాగి అడ్డదిడ్డంగా పడేశారు.

"ఇవి సిల్వర్ పార్టికల్స్. రియల్‌గా అయితే హెయిర్‌లో థౌజండ్త్ పార్ట్ అంత ఉంటాయి. లైట్ తగిలితే వీటిలో ఎలక్ట్రాన్స్ ఊగుతాయి. ఊగి, లైట్‌ని పక్కకి తోసేస్తాయి. ఇప్పుడు నడువు."

మోకాలు ఠపీమని తగిలింది. పక్కకి తప్పుకుంటే ఇంకో కుర్చీ. గోడ చేరేసరికి ఇరవై అడుగులయ్యాయి.

"అంతసేపు లోపలే ఉన్నావ్ కదా, ఈలోపు సెల్ నిన్ను పట్టేసుకుంటుంది. ఇంకా చాలా చెయిర్స్ పెడితే?"

"అసలు లోపలికే రాలేను మేడం!"

"గుడ్. అందుకే కొన్నే వేయాలి."

క్లాసులో మేడం మొదటిసారి నవ్వారు. ఎంసెట్‌లో ర్యాంకొచ్చినప్పుడు కూడా హర్షవర్ధన్‌కి అంత సంతోషం కలగలేదు.

ఇన్వెస్టర్లు వచ్చిన రోజు అతను స్లైడ్ల జోలికే పోలేదు. సూట్లు వేసుకున్న పెద్దమనుషుల్ని లేపి కుర్చీల మధ్య నడిపించాడు. మోకాళ్ళు కొట్టుకుంటూ వాళ్ళు పగలబడి నవ్వారు. కుర్చీలు ఎక్కువైతే ఏమవుతుందని ఒకాయన తనే అడిగి, తనే జవాబు చెప్పుకున్నాడు. పోతూ పోతూ అందరూ గ్రెగ్ చెయ్యి పట్టుకుని ఊపి మరీ వెళ్ళారు.

గ్రెగ్ తలుపు వేశాడు.

"పదేళ్ళుగా పీహెచ్‌డీలు చెబుతున్నా ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ఇది నీ ఆలోచనేనా?"

ఔనంటే సరిపోయేది. కాని హర్షవర్ధన్‌కి మేడం ముఖం గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"కాదు. నాకు నేర్పినావిడ ఒకరున్నారు. నాకు మూడేళ్ళ అనుభవం కూడా లేదు. మూడు వారాలే."

గ్రెగ్ ముఖం ఎర్రబడింది. కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చాడు.

"ఒక్క దారి ఉంది. సోమవారానికల్లా ఆవిడని తెచ్చి నా టీమ్‌లో చేర్చు. నీ రెజ్యూమె నేను చూడలేదనుకుంటాను. జీతం ఎంతైనా సరే. వీసా కావాలంటే స్పాన్సర్ చేస్తాం."

"వీసా అక్కర్లేదు. ఆవిడ ఇక్కడే పుట్టారు."

"మరింకేం అడ్డం?"

హర్షవర్ధన్ గొంతు సవరించుకుని, సోమవారం మేడంకి ఏడో తరగతి లెక్కల పరీక్ష ఉందనీ, అది ఎగ్గొట్టి ఉద్యోగానికి వెళ్తానంటే వాళ్ళమ్మ, అంటే తన భార్య రష్మి, ససేమిరా ఒప్పుకోదనీ చెప్పాడు.