గోధుమరంగు పిల్ల

పరిశోధనశాలలోని ఓ గాజుపెట్టెలో ధవళ అనే తెల్ల ఎలుక కాపురముండేది. ఇరవై తరాలుగా తన వంశంలో వెంట్రుకంత తేడా రాలేదని దానికి మహా మిడిసిపాటు. అలాంటిదానికి, పొలంలో పట్టిన ఎలుకకు పుట్టిన గోధుమరంగు మగణ్ణి కట్టబెట్టారు. పుట్టిన ఆరు పిల్లల్లో మూడు తెల్లవి, మూడు గోధుమరంగువి.

ధవళకు తల కొట్టేసినట్టయింది. తెల్లవాటిని పొట్టకింద పొదువుకునేది. గోధుమరంగు వాటిని, అందులోనూ చిన్నదాన్ని, రంగు వదలాలని వీపు మంటెక్కేదాకా నాకేది.

ఒకరోజు మనుషులొచ్చి పరీక్షకని పిల్లలన్నిటి తోకకొసలూ రవ్వంత కోసుకెళ్ళారు. కొన్నాళ్ళకు గోడమీది బల్లి కబురు తెచ్చింది.

"ధవళమ్మా, శుభవార్త! ఒంట్లోకి రోగం జొరబడితే కేకేసి కాపలావాళ్ళను లేపే జన్యువు ఉంది చూడు, అది ఏ క్రోమోజోము మీద ఉందో తెలిసిపోయిందట. అంతా నీ పిల్లల చలవే!"

"నా తెల్లపిల్లల చలవేగా?"

"వట్టి తెల్లవాళ్ళతో ఏం తెలుస్తుంది తల్లీ? మీరంతా అచ్చుగుద్దినట్టు ఒకటే. పొలం తాత పోలిక ఏ పిల్లలో ఎంత ఉందో చూసే కదా ఆచూకీ పట్టారు!"

ధవళ తల ఎత్తలేక మూలకు ఒదిగింది. అమ్మకు తనమీద మళ్ళీ కోపమొచ్చిందనుకుంది చిన్న గోధుమపిల్ల. పరుగెత్తుకొచ్చి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, బొచ్చు ఊడిన వీపు చూపించింది.

"అమ్మా, గట్టిగా నాకవే. ఈసారి ఏడవను."