అక్కతో నువ్వే చెప్పు ప్రభువా

"ప్రభువా, మా అక్కతో నువ్వే చెప్పు. నాకు మొగం చెల్లడం లేదు," అంటూ కృపారాణి పలమనేరు చర్చిలో మోకాళ్ల మీద పడి ఏడ్చింది. మధ్యాహ్నం వేళ ఎవరూ ఉండరని నోరు విప్పి మరీ ప్రార్థించింది.

"మా పాప పుట్టినరోజు నాడు అది ఏడిస్తే అక్క ఎత్తుకునింది. 'నీ కడుపున పుట్టింటే తెలిసుండేది, ఎట్ట ఎత్తుకోవాల్నో' అనేసినాను. పిల్లల్లేని మనిషిని అంత మాట అనేసినాను. రెండు నెలలైంది, అక్క మా గడప తొక్కలేదు. నాకు అన్నం దిగడం లేదు."

"దేవునికెందుకే ఆ శ్రమ? నేను ఈడనే ఉండాను గదా!"

కృపారాణి ఉలిక్కిపడి తలెత్తింది. వేదిక వెనక నుంచి చీపురుతో అక్క రెబెకా వచ్చింది. ఆ వారం చర్చి ఊడ్చే వంతు ఆమెదని కృపారాణికి తెలియదు.

"అంతా విన్నావా?"

"విన్నాను. ఆయన్ని అడిగింది చాలు, నన్నడుగు."

దేవుడి ముందు ధారగా వచ్చిన మాటల్లో అక్క ముందు ఒక్కటే మిగిలింది. ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పయిపోయిందక్కా," అంది.

రెబెకా చీపురు పక్కన పెట్టి, చెల్లెలి కళ్లు కొంగుతో తుడిచింది.

"నేనూ రెండు నెల్లుగా ఈడ కూసోని నీ మీద చాడీలు చెప్తానే ఉండాను. ఇద్దరి పోరూ పడలేక ఆయన ఇద్దర్నీ ఒకే పూట పిలిపించినాడు."

కృపారాణి ఏడుపులోనే ఫక్కున నవ్వింది.

"పాపకు నడక వచ్చిందంట గదా?"

"నాలుగడుగులు ఏస్తా ఉండాది. ఇంటికి రాక్కా, సూద్దువు."

ఆ మాట పూర్తయ్యేసరికి అక్క గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.